చెమట ఆరితేనే చల్లదనం

ఒక రోజు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం. ఇంకో రోజు ఉష్ణోగ్రత 34 డిగ్రీలే, తేమ మాత్రం 75 శాతం. ఈ రెండింటిలో ఒంటికి ఎక్కువ కష్టమైన రోజు ఏది? అంకె చూసి చెప్పేవారు మొదటిదే అంటారు. నీడపట్టున కూర్చుని, నీళ్లు దగ్గర పెట్టుకున్న మనిషికి మాత్రం రెండోదే గడ్డురోజు. మొదటి రోజు చెమట పట్టిందని తెలిసేలోపే ఆరిపోతుంది. రెండో రోజు ఆరదు. మెడ మీదా వీపు మీదా ధారగా కారుతూనే ఉంటుంది. మొదటిదాన్ని ఎండ మండిపోవడం అంటాం, రెండోదాన్ని ఉక్కపోత అంటాం. రెండింటికీ వేర్వేరు మాటలున్నా, చల్లబడే ఉపాయాల దగ్గరికి వచ్చేసరికి వాటిని ఒకే గాటన కట్టేస్తున్నాం. ఒక రోజు హాయినిచ్చిన ఉపాయం మరో రోజు ఎందుకు పనిచేయదో, ఒక్కోసారి ఎందుకు ఎదురు తిరుగుతుందో తెలియాలంటే, శరీరం తన వేడిని ఎలా వదిలించుకుంటుందో ముందు చూడాలి.

ఊరికే కూర్చున్నా మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. బరువు మోసినా, మెట్లెక్కినా, పరుగెత్తినా అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. లోపలి ఉష్ణోగ్రత మాత్రం 37 డిగ్రీలకు అటూ ఇటూగానే నిలవాలి. చర్మం వేడి దాదాపు 33 నుంచి 35 డిగ్రీలు. బయటి గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపు ఒంటి వేడి దానంతటదే గాలిలోకి పోతుంది. గాలి 35 డిగ్రీలు దాటాక ఆ దారి మూసుకుపోవడంతో ఆగదు, తలకిందులవుతుంది. గాలిలోని వేడే ఒంట్లోకి రావడం మొదలవుతుంది. అప్పుడు శరీరానికి మిగిలేది ఒక్కటే దారి, చెమట ఆవిరి కావడం.

ఆ దారి మామూలుది కాదు. ఒక లీటరు చెమట ఒంటిమీదే పూర్తిగా ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. కదలకుండా కూర్చున్న మనిషి ఆరున్నర గంటలకు పైగా పుట్టించే వేడి అంత. నీరు ఆవిరి కావడానికి పట్టే ఈ వేడినే పాఠ్యపుస్తకంలో గుప్తోష్ణం అని చదువుకున్నాం. అయితే చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆరడం. కారి నేల మీద పడిన చెమట వల్ల ఒంట్లోని నీరూ ఉప్పూ ఖర్చవుతాయే తప్ప వేడి తగ్గదు. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఈ లెక్కతోనే. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా చెమ్మ పైకి ఊరుతుంది, ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. గాలి పొడిగా ఉన్న రోజు కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. ఉక్కపోత రోజు అదే కుండ ఒళ్లంతా తడిసి కనిపిస్తుంది గానీ నీళ్లలో ఆ చలవ ఉండదు. ఒంటికీ అంతే.

ఈ తేడాను కొలిచే పద్ధతి ఒకటుంది. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి, గాలి ధారాళంగా తగిలేలా ఉంచితే అది చూపేదాన్ని వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. నీరు ఆవిరి కావడం వల్ల ఒక వస్తువు ఎంతవరకు చల్లబడగలదో ఆ అంకె చెబుతుంది. పైన చెప్పిన 40 డిగ్రీల పొడి రోజున అది 23 డిగ్రీల లోపే. 34 డిగ్రీల ఉక్కపోత రోజున దాదాపు 30. వెట్ బల్బ్ ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరితే, ఎంత ఆరోగ్యవంతుడైనా, నీడలో ఊరికే కూర్చున్నా, కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని స్టీవెన్ షెర్‌వుడ్, మాథ్యూ హ్యూబర్ అనే శాస్త్రవేత్తలు 2010లో లెక్కగట్టారు. తర్వాత అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులపై చేసిన పరీక్షల్లో అసలు హద్దు ఇంకా తక్కువని తేలింది. తేమ ఎక్కువగా ఉన్నప్పుడు దాదాపు 31 డిగ్రీల దగ్గరే వారి లోపలి ఉష్ణోగ్రత అదుపు తప్పి పెరగసాగింది. పెద్ద వయసువారి హద్దు అంతకంటే దిగువన ఉంటుంది.

కాబట్టి చల్లదనానికి ఎవరు ఏ చిట్కా చెప్పినా రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. అది వేడిని దగ్గరికి రానీయకుండా ఆపుతోందా? చెమట ఆరడానికి తోడ్పడుతోందా? ఈ రెండింటిలో ఏదీ చేయని ఉపాయం కాసేపు హాయి అనిపించవచ్చు, అంతే.

ఫ్యానుతోనే మొదలుపెడదాం. ఫ్యాను గదిని చల్లబరచదు. దాని మోటారు వాడుకునే కరెంటంతా చివరికి వేడిగానే గదిలో మిగులుతుంది. మనుషులు లేని గదిలో తిరిగే ఫ్యాను గదిని ఇంకాస్త వేడెక్కిస్తోందని అర్థం. అది చేసే మేలంతా చర్మం దగ్గర జరుగుతుంది. ఒంటిని అంటిపెట్టుకుని తేమతో బరువెక్కిన పలుచని గాలి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఫ్యాను దాన్ని తోసేసి కొత్త గాలిని తెస్తుంది, చెమట ఆరుతుంది. ఒక చేతి వెనకభాగాన్ని తడిపి, రెండో చేతిని పొడిగా ఉంచి, రెండింటినీ ఫ్యాను కింద పెట్టి చూస్తే సంగతి వెంటనే బోధపడుతుంది. గాలి ఒకటే, గది ఒకటే. తడి చేయి జిల్లుమంటుంది, పొడి చేతికి గాలి తగులుతున్నట్టు మాత్రమే తెలుస్తుంది.

గాలి చర్మం కంటే వేడిగా ఉన్నప్పుడు ఫ్యాను ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటుంది. చెమటను ఆరుస్తుంది, వేడిగాలిని కూడా ఒంటికి కొడుతుంది. గాలిలో తేమ ఉండి ఒంటిమీద చెమట నిలిచి ఉంటే ఇచ్చేదే ఎక్కువ. బాగా పొడిగా, బాగా వేడిగా ఉన్న రోజున చెమట ఫ్యాను లేకుండానే ఆరిపోతుంది గనుక తీసుకునేదే ఎక్కువవుతుంది. గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. వయసు మళ్లినవారికి చెమట తక్కువగా పడుతుంది కాబట్టి వారి విషయంలో ఆ గీత ఇంకా ముందే వస్తుంది. దానికి మందు సులువైనదే. చేతులు, మెడ, కాళ్లు తడుపుకోవడం, లేదా తడిపి పిండిన పలుచని బట్ట వేసుకుని గాలి తగిలేలా కూర్చోవడం. శరీరం పట్టించలేని చెమటను బయటినుంచి పోసినట్టే అది. పైగా ఒంట్లోని నీరు ఖర్చుకాదు. ఖర్చులేని ఉపాయాల్లో దీనికి సాటి వచ్చేది కనబడదు, అయినా దీని గురించి చెప్పేవారు తక్కువ.

కిటికీకి తడిదుప్పటి కట్టడం, ఎయిర్ కూలర్ పెట్టడం కూడా ఈ ఆవిరి లెక్కే. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చల్లగాలి బయటికి పోతుందని తలుపులూ కిటికీలూ బిగించేస్తారు. నీరు ఆవిరవుతున్నకొద్దీ గదిలో తేమ పెరుగుతుంది, తేమ పెరిగినకొద్దీ ఆవిరి కావడం మందగిస్తుంది. గంట గడిచేసరికి గది చల్లగానూ ఉండదు, పొడిగానూ ఉండదు, ఉక్కపోత మాత్రం సిద్ధమవుతుంది. కూలర్‌కు వెనకనుంచి బయటి పొడిగాలి అందాలి, ఎదురుగా తేమగాలి బయటికి పోయే దారి ఉండాలి. గాలిలో ముందే తేమ నిండి ఉన్న ప్రాంతంలో ఎంత ఖరీదైన కూలరైనా చేయగలిగింది తక్కువ. అలాంటి రోజుల్లో నీళ్లు తీసేసి దాన్ని ఫ్యానుగా వాడుకోవడమే మేలు.

ఫ్యాను ముందు ఐసుముక్కల గిన్నె పెట్టే చిట్కా ఇంకొకటి. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అదే కిలో నీరు ఆవిరి కావడానికి పట్టేది దానికి ఏడు రెట్లు. 60 వాట్ల ఫ్యాను రెండు గంటలు తిరిగితే పుట్టే వేడి 432 కిలోజౌళ్లు, అంటే ఆ కిలో ఐసు కరుగుతూ తీసిన వేడి కంటే ఎక్కువ. ఇక ఆ ఐసు ఇంట్లో ఫ్రిజ్‌లోనే తయారైతే, అది గడ్డకట్టేటప్పుడు వదిలిన వేడి, దానికి తోడు ఫ్రిజ్ మోటారు వేడి అప్పటికే ఇంట్లోకి చేరిపోయాయి. ఫ్రిజ్ తలుపు తెరిచి ముందు నిలబడితే ముఖానికి చల్లగా ఉంటుంది, వెనకనుంచి వచ్చే వేడి అంతకు మించి ఉంటుంది. ఐసును గిన్నెలో పెట్టడం కంటే బట్టలో చుట్టి మెడకు, చంకలకు అద్దుకోవడం ఎంతో నయం.

ఏసీ దారి వేరు. అది గదిలోని వేడిని, తేమను రెండింటినీ తీసి బయట పారబోస్తుంది. అందుకే ఉక్కపోతకు అసలైన విరుగుడు అదే. 1902లో విల్లిస్ క్యారియర్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం కోసం దాన్ని రూపొందించినప్పుడు ఉద్దేశం మనుషుల సుఖం కాదు. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగుతూ ముడుచుకుంటూ రంగుల అచ్చు చెదిరిపోతుంటే, ఆ తేమను అదుపులో పెట్టడానికి. ఏసీ సామర్థ్యాన్ని ఇప్పటికీ టన్నుల్లో చెప్పడం వెనకా ఒక కథ ఉంది. సుమారు 907 కిలోల ఐసు ఒక రోజంతా కరుగుతూ లాగేసే వేడి ఎంతో, ఒక టన్ను ఏసీ రోజంతా నడిస్తే తీసే వేడి అంత. యంత్రాలు రాకముందు ఐసు దిమ్మలతో చల్లబరిచిన కాలపు కొలత అది.

ఏసీని 18 డిగ్రీల దగ్గర పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది భ్రమ. ఎక్కువ రకాల్లో చల్లబడే వేగం ఒకటే, ఆగే చోటు మాత్రమే మారుతుంది. 27 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాను కూడా వేసుకుంటే మరో నాలుగు డిగ్రీలు తక్కువగా ఉన్నట్టు అనిపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కరెంటు ఖర్చు తగ్గడం ఒక్కటే కాదు ఇక్కడి లాభం. ఏసీ లోపల తీసిన వేడి వీధిలోకి పోతుంది, ఏసీ లేని పక్కింటి కిటికీ ముందు తేలుతుంది. ఇళ్లు ఇరుకిరుకుగా ఉన్న వీధుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఇంతవరకు చెప్పినవన్నీ వేడి లోపలికి వచ్చాక పడే పాట్లు. దాన్ని గడప దగ్గరే ఆపడం ఎప్పుడైనా తేలిక. మిట్టమధ్యాహ్నపు ఎండ ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 1,000 వాట్ల శక్తిని కుమ్మరిస్తుంది. ఎండ నేరుగా పడే అద్దం కిటికీ అందులో ఎక్కువ భాగాన్ని లోపలికి వదులుతుంది. గదిలో హీటరు వెలిగించి పెట్టుకున్నట్టే. లోపలి తెర కొంత ఆపుతుంది గానీ, అద్దం దాటి వచ్చిన ఎండకు తెర వేడెక్కి ఆ వేడి గదిలోనే మిగులుతుంది. అదే అడ్డు బయట ఉంటే, అది చాప కావచ్చు, చెక్క రెక్క కావచ్చు, తీగ పందిరి కావచ్చు, ఎండ అద్దాన్ని తాకనే తాకదు. ఉన్న డబ్బు ఒక్క కిటికీకే సరిపోతే పడమటి కిటికీకి పెట్టాలి. గది అప్పటికే కాగి ఉన్న సాయంకాలాన ఏటవాలు ఎండ సూటిగా లోపలికి వచ్చేది అక్కడినుంచే.

పైకప్పు ఇంకా పెద్ద సంగతి. వేసవిలో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వచ్చే ప్రాంతాల్లో గోడలకంటే పైకప్పే ఎక్కువ ఎండ తాగుతుంది. మందమైన కాంక్రీటు ఆ వేడిని మెల్లగా కిందికి దింపుతుంది. అందుకే మధ్యాహ్నం పన్నెండింటికి ఓర్చుకోగలిగిన పై అంతస్తు గది రాత్రి తొమ్మిదింటికి భరించరానిదవుతుంది. అప్పుడు స్టూలు ఎక్కి అరచేతిని లోకప్పుకు ఆనిస్తే పగటి ఎండంతా అక్కడ దాచిపెట్టినట్టు తెలుస్తుంది. ఫ్యాను ఆ కప్పు కిందనే తిరుగుతూ ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది. పైకప్పు మీద ఎండను తిప్పికొట్టే మంచి తెల్లని పూత కొత్తగా వేసినప్పుడు ఎండలో దాదాపు 80 శాతాన్ని వెనక్కి పంపగలదు. మామూలు బూడిదరంగు కాంక్రీటు అందులో సగం కూడా పంపదు. పూతపై దుమ్ము పేరుకుంటే గుణం తగ్గుతుంది, కడుగుతూ ఉండాలి. చెట్టు నీడ దీనికంటే గొప్పది. ఆకులు ఎండను ఆపడంతో సరిపెట్టుకోవు, తమలోని నీటిని ఆవిరిగా వదులుతూ చుట్టూ గాలిని కూడా చల్లబరుస్తాయి. కాకపోతే చెట్టు పెరగాలంటే ఏళ్లు పడుతుంది.

కిటికీలు ఎప్పుడు తెరవాలన్నది గడియారాన్ని అడిగే ప్రశ్న కాదు. లోపల ఒక థర్మామీటరు, బయట నీడలో ఒకటి పెట్టి చూడాలి. బయట చల్లగా ఉంటే తెరవాలి, బయట వేడిగా ఉంటే మూయాలి. పగలూ రాత్రీ ఉష్ణోగ్రతల మధ్య పెద్ద తేడా ఉండే పొడి ప్రాంతాల్లో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రాత్రంతా ఎదురెదురు కిటికీలు తెరిచి, ఒక కిటికీలో ఫ్యానును బయటివైపు తిప్పి పెడితే లోపలి వేడిగాలిని అది తోసేస్తుంది, ఎదుటి కిటికీ నుంచి చల్లగాలి వస్తుంది. గోడలు చల్లబడతాయి. తెల్లవారాక అన్నీ మూసేస్తే ఆ చలవ మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. తేమ ప్రాంతాల్లో రాత్రికీ పగటికీ అంత తేడా ఉండదు. అక్కడ గాలి కదలడమే ముఖ్యం, పగలైనా నీడవైపు కిటికీలు తెరిచి ఉంచడమే నయం.

నీళ్ల విషయంలో చల్లదనం మీద పెట్టే శ్రద్ధ పరిమాణం మీద పెట్టడం లేదు. 10 డిగ్రీల చల్లని నీరు లీటరు తాగితే అది ఒంటి వేడికి చేరేలోపు 113 కిలోజౌళ్లు లాగుతుంది. అదే లీటరు చెమటగా మారి ఆరితే పోయేది దానికి ఇరవై రెట్లకు పైనే. కాబట్టి నీళ్లు చల్లగా ఉన్నాయా లేదా అన్నదానికంటే తాగుతున్నామా లేదా అన్నదే ప్రధానం. ఎండలో పనిచేసేవారు దాహం కోసం ఎదురుచూడకుండా 15–20 నిమిషాలకు ఒక గ్లాసు తాగాలి. గంటకు సుమారు లీటరున్నరకు మించి తాగడమూ ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది. గంటలకొద్దీ చెమట పట్టే పనుల్లో ఉప్పూ కావాలి. ముసలివారికి దాహం తెలియడం తగ్గుతుంది, వారికి అడిగి అడిగి ఇవ్వాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో వైద్యులే చెప్పాలి. రక్తపోటుకు, మానసిక సమస్యలకు, అలర్జీకి వాడే కొన్ని మందులు చెమటను లేదా దాహాన్ని తగ్గిస్తాయి. వేసవి రాకముందే వాటి గురించి వైద్యులను అడిగి ఉంచుకోవడం మంచిది.

బట్టల రంగు గురించి అందరికీ తెలిసిన మాట తెలుపు మేలని. అది నిజమే, కానీ వదులు అంతకంటే మేలు. ఎడారిలో బతికే బెదూయిన్లు నల్లని అంగీలు ఎందుకు వేసుకుంటారన్న ప్రశ్నతో 1980లో ఒక పరిశోధన జరిగింది. నల్ల అంగీ ఎక్కువ వేడెక్కినా, అది వదులుగా ఉండటంతో ఆ అదనపు వేడి లోపలి గాలి కదలికతోనే బయటికి పోయి ఒంటిదాకా చేరలేదు. నల్ల అంగీలోనూ తెల్ల అంగీలోనూ శరీరానికి చేరిన వేడి ఒక్కటే. బిగుతైన తెల్లబట్ట కంటే గాలి ఆడే ముదురు రంగు బట్టే నయం కావచ్చన్నమాట.

ఒళ్లంతా తడుపుకునే వీలు లేనిచోట చేతులు, పాదాలు చాలు. అరచేతుల్లో, అరికాళ్లలో రక్తాన్ని చర్మం దగ్గరికి నేరుగా తెచ్చే ప్రత్యేక నాళాలుంటాయి. శరీరానికి అవి సహజమైన రేడియేటర్లు. బకెట్టు చల్లని నీటిలో మోచేతులదాకా చేతులు ముంచి పది పదిహేను నిమిషాలు కూర్చుంటే చల్లబడిన రక్తం ఒళ్లంతా తిరుగుతుంది. మంటల్లో పనిచేసే అగ్నిమాపక సిబ్బంది విరామంలో ఈ పద్ధతి వాడతారు.

శరీరం ఎండకు అలవాటు పడుతుంది కూడా, కానీ ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ లోపల చెమట ముందుగా పట్టడం, ఎక్కువగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం జరుగుతాయి. వేసవి మొదట్లో వచ్చే వడగాలులు ప్రమాదకరం కావడానికి ఇది ఒక కారణం. కొత్తగా ఎండపనిలో చేరినవారికి మొదటి రోజే పూర్తి పని అప్పగించడం వారి ప్రాణాలతో చెలగాటమే. అయినా అది జరుగుతూనే ఉంది.

1995 జూలైలో అమెరికాలోని షికాగోలో వచ్చిన వేడిగాలులకు 700 మందికి పైగా చనిపోయారు. ఎవరు చనిపోయారు, ఎవరు బతికారు అని తర్వాత పరిశీలిస్తే, పై అంతస్తుల్లో ఉన్నవారికి, ఒంటరిగా బతికేవారికి, మంచం దిగలేనివారికి ముప్పు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. వచ్చి పలకరించే మనుషులున్నవారికి ముప్పు తగ్గింది. చల్లబడే ఉపాయాల జాబితాల్లో ఇది అరుదుగా కనిపిస్తుంది. రోజుకు రెండుసార్లు పక్కింటి ముసలాయన తలుపు తట్టడం కూడా ఆ జాబితాలో ఉండాలి. ఎండలో ఆపిన కారులో పిల్లల్ని ఒక్క నిమిషమైనా వదలకూడదన్నదీ ఉండాలి. పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీలు పెరగగలదు. పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్లకంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది.

వడదెబ్బను గుర్తుపట్టడంలోనూ ఒక ప్రమాదకరమైన నమ్మకం ఉంది, చెమట పడుతూ ఉంటే భయం లేదని. శ్రమ చేస్తూ వడదెబ్బకు గురైనవారికి ఒళ్లంతా తడిసి ఉండవచ్చు. చూడవలసింది మనిషి తీరు. మాట తడబడుతోందా, ఎక్కడున్నాడో తెలియడం లేదా, తూలుతున్నాడా, స్పృహ తప్పుతోందా? ఒళ్లు కాలిపోతూ వీటిలో ఏది కనిపించినా అంబులెన్సుకు ఫోను చేయాలి, అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకూడదు. జ్వరం మాత్ర ఇక్కడ పనిచేయదు, ఇది జ్వరం కాదు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, తొట్టి ఉంటే తల పైకి ఉండేలా పట్టుకుని మెడదాకా చన్నీళ్లలో ఉంచాలి. తొట్టి లేకపోతే బకెట్లతో ఒళ్లంతా నీళ్లు పోస్తూ, ఇద్దరు ముగ్గురు కలిసి అట్టముక్కలతోనో తువ్వాళ్లతోనో ఆపకుండా విసరాలి. ఆ మనిషి శరీరం చేయలేకపోతున్న పనిని చుట్టూ ఉన్నవారు చేస్తున్నారు. మొదటి అరగంటలో ఒంటి వేడి ఎంత దిగిందన్నదాన్ని బట్టే తర్వాత ఆసుపత్రిలో చేయగలిగింది ఉంటుంది.